ఇంటికో కుళాయి గొయ్యి

మొన్నామధ్య మా వంటింట్లో నీళ్లు శుద్ధిచేసే మిషనుకి లోపలి గొట్టాలు మార్చడానికి ఒక మెకానిక్కు వచ్చాడు. దువ్వాడలో మా అబ్బాయి కొన్న ఫ్లాటులో ఆ మిషను గోడకి దేవుడి పటంలా వేలాడుతుంటుంది, ఆ దేవుడికి అప్పుడప్పుడూ ఇలాంటి పూజారి రావాలన్నమాట. నలభై దాటిన మనిషి, ఎండలో బండి మీద వచ్చి చెమటలు కక్కుతూ పని ముగించి, ఇంక అమృతమేనండి అని చెప్పి, పక్కన పొయ్యి మీద కళపెళా మరుగుతున్న నీళ్ల గిన్నెను చూసి నవ్వాడు. మా కోడలు కూడా నవ్వింది. మిషను నీళ్లను మళ్లీ కాచుకు తాగే పిచ్చిది ఈ అపార్ట్‌మెంటు మొత్తానికి నేనొక్కదాన్నేనట. ఉండనీ. నా పిచ్చికి ఒక కథ ఉంది, ఎవరు నవ్వినా ఆ గిన్నె పొయ్యి దిగదు.

అయితే నన్ను ఆ కథలోకి నెట్టింది ఆ నవ్వు కాదు. సామాన్లు సర్దుకుంటున్న ఆ మనిషికి గ్లాసుతో నీళ్లు ఇవ్వబోతే, వద్దండీ అని చెప్పి సంచిలోంచి తన సీసా తీసుకుని గటగటా తాగాడు. నువ్వు బాగుచేసిన నీళ్లు నువ్వే తాగవేమయ్యా అని అడిగాను. "ఇళ్లల్లో అడగమండి, అలవాటైపోయింది" అన్నాడు, మొహం అటు తిప్పుకుని. ఆ మాట విన్నాక నాకు నలభై ఏళ్ల కిందటి మా చేపల అక్క కళ్లముందు నిలబడింది, నెత్తిన బుట్టతో, చేతిలో తన సత్తు చెంబుతో.

నేను కంచరపాలెంలో కాపురానికి వచ్చిన రోజుల సంగతి ఇది. మాది గోదావరి జిల్లా, కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, నీళ్ల కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో పెళ్లయ్యేదాకా నాకు తెలియదు. మా మావగారు ఆ జిల్లా నుంచే పోర్టులో పనికి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఆయన తరవాత మా ఆయన కూడా పోర్టులోనే కుదిరారు. రైలు పట్టాల పక్కన ఇరుకు వీధి, గూడ్సు బండి పోతే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఉక్కు కర్మాగారం కట్టుబడి మొదలయ్యాక జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడ్డారు, ఒక్కో వాటాలో రెండేసి కాపురాలు, అందరికీ ఆ ఒక్క పైపే ఆధారం. రోజు విడిచి రోజు తెల్లారగట్ల కాసేపు వదిలేవారు. ఆ కాసేపట్లో కూడా ధార దారమంత వచ్చేది.

నా వయసు వాళ్లలో ఆ కుళాయి గోతుల సంగతి ఎరిగినవాళ్లు ఉంటారు, ఎరగనివాళ్ల కోసం చెబుతాను. పైపులో తోపు లేనప్పుడు నీళ్లు పైకి ఎక్కవు గదా, నీళ్లు మన దగ్గరికి రాకపోతే మనమే నీళ్ల దగ్గరికి దిగాలని, ఎవరికి వారు ఇంటి ముందు గొయ్యి తవ్వి, పైపుని కోసి కుళాయిని ఆ గోతి అడుగున పెట్టుకునేవారు. మెట్లు దిగి, నడుం వంచి, బిందె పట్టి పైకి అందించాలి. పక్కింటివాళ్లు మనకన్నా జానెడు లోతు తవ్వితే నీళ్లు వాళ్లకి పోయేవి, అంచేత మనం ఇంకో మూరెడు తవ్వాలి. అలా వీధి వీధంతా పోటీలు పడి పాతాళానికి ప్రయాణం కట్టింది. మా ఇంటి గొయ్యి అన్నిటికన్నా లోతు. మావగారు బతికుండగా సెలవు రోజుల్లో స్వయంగా తవ్వి, చుట్టూ నల్లరాయి పేర్చి, దిగడానికి మెట్లు కట్టారు. ఆయన పోయాక మా అత్తగారికి ఆ గొయ్యి గుడితో సమానమైంది, ప్రతి శుక్రవారం ఆ మెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టేవారు. వీధిలో మగవాళ్లు పనికి వెళ్తూ తొంగిచూసి "ఏటి బావా, మీ గోతిలో గోదారి పుట్టిందేటి?" అని మా ఆయన్ని ఆటపట్టిస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఎదురింటి పిన్నిగారిది రెండో లోతైన గొయ్యి. ఆవిడా మా అత్తగారూ ప్రాణస్నేహితులు, కాని నీళ్లొచ్చే పూట మాత్రం పాముకీ ముంగిసకీ ఉన్నంత స్నేహం. ఒకసారి పండగ ముందు నేను బట్టలన్నీ ఉతికి, ఆఖరున తెల్లబట్టలకి నీలిమందు పెట్టి, ఆ తొట్టిలో మిగిలిన నీలం నీళ్లు గుమ్మం ముందు పారబోస్తే అవి జారి మా గోతిలోకి దిగాయి. మర్నాడు తెల్లారేసరికి ఎదురింటి పిన్నిగారు బిందె పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, మా కుళాయిలో ఆకాశం దిగిందేమిటే అని దులిపేశారు. బిందెలో నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం, పిన్నిగారి పప్పు నీలంగా ఉడికిందనీ, బాబాయిగారి మీసం నీలంగా మారిందనీ. నవ్వుకుని ఊరుకున్నాం. మా గోతిలో నీళ్లు ఆవిడ కుళాయిలోకి ఎలా వెళ్లాయని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక చేపల అక్క. ఒడ్డున ఉన్న పేట నుంచి పొద్దున్నే బుట్టతో వచ్చేది. మా అత్తగారికి సముద్రపు చేప అంటే చిన్నచూపు, గోదావరి చేప ముందు ఇవేం చేపలే అంటూనే బేరమాడి బేరమాడి అన్నీ తీసుకునేవారు. అక్క మా అరుగు మీదే కూర్చుని చేపలు కోసి ఇచ్చి, ఎండ వాలేదాకా వీధిలో అందరికీ అమ్మి, అక్కడే తన చద్దన్నం తినేది. ఇన్నీ మా అరుగు మీదే గాని, మా ఇంట్లో నీళ్లు మాత్రం తాగేది కాదు. ఎప్పుడో మొదట్లో దాహమని అడిగితే మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఎత్తు నుంచి దోసిట్లోకి పోశారట, సగం నీళ్లు మొహం మీదా చీర మీదా పడ్డాయట. ఆ మర్నాటి నుంచి అక్క తన పేట బావినీళ్లు సత్తు చెంబులో మూతపెట్టి తెచ్చుకునేది. ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు. ఆమె రోషం ఆమె చెంబులో ఉండేది.

ఆ ఏడు ఎండలు చెట్టుమీది ఆకుని కూడా మాడ్చేశాయి. నీళ్లు ఇంకా పలచబడ్డాయి, గోతులు ఇంకా లోతయ్యాయి. ఎండల చివర ఒక్క వాన దబ్బున కురిసి, మురిక్కాలవ పొంగి, వీధిలో గోతులన్నీ నల్లటి నీళ్లతో నిండాయి. తోడి పారబోసి మళ్లీ పట్టుకున్నాం. ఆ తరవాత మొదలైంది. ముందు వీధి చివర ఇంట్లో, తరవాత పక్కింట్లో, బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు, ఆగని వాంతులు, పొద్దున మాట్లాడిన మనిషి సాయంత్రానికి కళ్లు లోతుకి పోయి, వేళ్ల చర్మం ముడతలు పడి గుర్తుపట్టలేకుండా తయారయ్యేవాడు. ఆ జబ్బు పేరు అందరికీ తెలుసు, ఎవరూ నోటితో అనేవారు కాదు. అంటే పిలిచినట్టు అవుతుందని భయం. నీళ్ల ఆఫీసు నుంచి వచ్చిన మనిషి సున్నపు ముగ్గులా బ్లీచింగు పొడి చల్లి, ఇది కలరా కాదు, ఉత్త అతిసారం, ఆ మాట బయట అనకండి అని చెప్పి వెళ్లాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం నేను కళ్లారా చూసింది అప్పుడే.

ఎదురింటి పిన్నిగారు పోయారు. రిక్షా ఎక్కించేలోపే పోయారు. మా అత్తగారు ఆ గుమ్మంవైపు చూస్తూ కూర్చుండిపోయారు, ఆ వెంటనే మా పాప జబ్బు పడింది. నాలుగేళ్లది, నోటినిండా మాటలు ఉండే పిల్ల, నా ఒళ్లో వడిలిన తోటకూర కాడలా వేలాడిపోయింది. దాన్ని భుజాన వేసుకుని మా ఆయనా నేనూ ఆస్పత్రికి పరుగెత్తాం. అంటురోగాల వార్డులో మంచాలకి నడిమిన పెద్ద కంత, విరేచనం పట్టడానికి కింద బకెట్టు, పైన సెలైను సీసా, వరసంతా అలాగే. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, గుండెలో నిప్పుకణికలా కూర్చుంది.

పాప బతికింది. ఆ వార్డులో నర్సులూ డాక్టర్లూ కూర్చోకుండా కాళ్ల మీద నిలబడి బతికించారు, వాళ్లకి ఇప్పటికీ దండం పెడతాను. పిల్లని పంపించే ముందు నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు ఎలా పట్టాలో చూపించి, ఇది నీళ్లతో వచ్చే జబ్బు, ఇదే నీళ్లు మళ్లీ తాగితే మళ్లీ వస్తుంది, ఈసారి తట్టుకునే ఓపిక పిల్లకి లేదు అని నెమ్మదిగా చెప్పింది. ఆ మాటతో నా ముందు ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. నా బిడ్డని ఇంటికి తీసుకెళ్లి ఏ నీళ్లు తాగించను?

పిల్లని మా ఆయన దగ్గర వదిలి బట్టలకోసం ఇంటికి వచ్చేసరికి వీధి మొదట్లో అడ్డంగా వేపాకు తోరణం కట్టి ఉంది. అది మా పాతకాలపు కట్టుబాటు. వీధిలో ఆ జబ్బు కాలు పెడితే తోరణం కట్టి, అమ్మవారి ఘటం ఎత్తి సాగనంపేదాకా పైవాళ్లని లోపలికి రానివ్వరు. భక్తిని నేను కాదనను, వేపాకు చేసిన పాపమూ ఏమీ లేదు. కాని ఆ తోరణానికి అవతల ఎండలో చేపల అక్క బుట్టతో నిలబడి ఉంది, ఇవతల మా అత్తగారు చేతులు బార్లా చాపి ఆపుతున్నారు. పాప పడిపోవడానికి ముందురోజు చేపల కూర తిందట, పిన్నిగారూ తిన్నారట, ఒడ్డునుంచి ఆ బుట్టలోనే వచ్చిందట జబ్బు. వీధి జనం వెనకనుంచి అవునంటే అవునంటున్నారు.

అక్క అరవలేదు. బుట్ట దింపి, నడుం మీద చెయ్యి వేసి నిలబడింది. "నానేటి తెచ్చీసినాను, పెద్దమ్మగారూ? మా పేటలో ఒక్కలికి నేదు ఈ రోగం. మా యింట్లోవోలు రోజూ తింతన్నారు ఈ సేపలు. నాను రోజూ మీ ఈదిలోనే కూకుంటన్నాను, మీ అరుగు మీదే సద్దికూడు తింతన్నాను, నాకేటీ అవనేదు. మీ కాడ నాను ముట్టందల్లా మీ నీల్లే. మీరెప్పుడు సేతికిచ్చినారు గనక?"

నాకు ఎవరో చెంప చెళ్లుమనిపించినట్టయింది. మా గాలి పీలుస్తుంది, మా అరుగు మీద తింటుంది, మా ఈగలే ఆమె మీద వాల్తాయి. అన్నీ మాతో సమానమే, ఒక్క నీళ్లు తప్ప. మేం చేసిన అవమానమే ఆమెని కాపాడింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఎదురింటి పిన్నిగారి బిందెలో లేత నీలం. మా గోతిలో పడ్డది వాళ్ల బిందెలోకి వచ్చిందంటే, మురిక్కాలవ నుంచి మా గోతులన్నిట్లో పడ్డదీ అందరి బిందెల్లోకీ వచ్చినట్టే గదా. నీళ్లు కట్టేయగానే ఖాళీ అయిన పైపు గోతిలో ఉన్నదాన్ని వెనక్కి లాక్కుంటోంది. మేం తవ్వింది నీళ్ల కోసం అనుకున్నాం. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

అక్కడే, తోరణం కిందే, గొయ్యి పూడ్చేద్దాం అత్తయ్యా అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి వేరేవాళ్లయితే బూడిదయ్యేవారు. "మీ మావగారు చేతులు బొబ్బలెక్కేలా తవ్విన గొయ్యే అది. నా బొందిలో ప్రాణం ఉండగా దాంట్లో పిడికెడు మట్టి పడదు" అన్నారు. ఆవిడకి పట్టుదల పుట్టుకతో వస్తే, నాకు మాత్రం రాదా? ఆ గొయ్యి ఉన్నంతకాలం నా కూతురు ఈ గుమ్మం తొక్కదు అన్నాను. మరి ఎక్కడ ఉంటుంది అన్నారు. పుట్టిల్లు రాత్రింబవళ్ల ప్రయాణం కాకపోయినా ఆ పిల్ల ఆ రైల్లో అంతసేపు కూర్చునే స్థితిలో లేదు. అప్పుడు తోరణం అవతల నుంచి అక్క అంది, "గుంటపిల్లని మా యింటికి తెండి కోడలమ్మా. గంజి కాసి పోత్తాను." వీధంతా గగ్గోలెత్తింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంట్లోకి వెళ్లి బట్టల మూట కట్టుకొచ్చి, తోరణం కిందనుంచి వంగి అవతలికి వెళ్లిపోయాను.

ఆస్పత్రి నుంచి మా ఆయనా నేనూ పాపని నేరుగా అక్క ఇంటికే తీసుకెళ్లాం, ఆ పేటలో అది కోలుకుంది. ఇసకలో తాటాకు పాక, పక్కన ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన. వాళ్ల బావినీళ్లు కూడా నేను కాచే పట్టాను, అక్క నన్ను చూసి, మా బావి మీద నీకు అంత అపనమ్మకమేటి అని మూతి ముడిచింది, అయినా పుల్లలు తెచ్చి పొయ్యి వెలిగించి ఇచ్చింది. ఆ రోజు పొయ్యి ఎక్కిన గిన్నే ఈ రోజు దువ్వాడలో మా కోడల్ని నవ్విస్తున్న గిన్నె. ఎంత కాచి తాగినా ఒక ఇంటికి సరిపోతుంది గాని వీధికి సరిపోదు, కట్టెలు లేని వాళ్లున్నారు, కిరసనాయిలు కోసం క్యూల్లో నిలబడేవాళ్లున్నారు, గొయ్యి పోతే తప్ప జబ్బు పోదు. మా ఒక్క గొయ్యి పూడిస్తే మిగతా గోతుల వాళ్లకి మా వాటా నీళ్లు పోతాయి, అంతే. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్న వీధిలో అందరూ ఒక్కసారి పూడ్చాలి. అది ఎలాగ?

పాపని అక్క ఒళ్లో పెట్టి నేను మళ్లీ వీధికి వచ్చాను. చేతిలో నీలిమందు పొట్లాలు. నీళ్లు వచ్చే పూట వీధిలో అందరూ గోతుల దగ్గర ఉంటారు గనక, బిందెలు నిండి ధార సన్నగిల్లుతున్నప్పుడు నడివీధిలో నిలబడి అందరూ వినేలా చెప్పాను. చూడండి, నేను మా గోతిలో నీలిమందు కలుపుతున్నాను, రాబోయే పూట మీ కుళాయిల్లో తెల్లనీళ్లు వస్తే నేను నోరు మూసుకుని ఈ తోరణానికి సాష్టాంగపడతాను, నీలంనీళ్లు వస్తే మీరందరూ పారలు తియ్యాలి అని. కొందరు నవ్వారు, కొందరు ఈ పిల్లకి మతి చలించింది అన్నారు. మా అత్తగారు గుమ్మంలోంచి లేవలేదు. నేను మెట్లు దిగి, కుళాయి మూతిదాకా మురికినీళ్లు నిలిచిన ఆ గోతిలో పొట్లాలన్నీ విప్పి కలిపాను. కలిపి పైకి చూస్తే అంచు చుట్టూ తలకాయలు. మా కళ్లముందే ఆ నీలం కుళాయి మూతిలోకి గుడగుడమంటూ ఇంకిపోయింది. పైపు గుటక వెయ్యడం ఎవరైనా చూశారా? మేం చూశాం.

తరవాతి పూట తెల్లారగట్లే అందరూ గోతుల్లోకి దిగారు. ఒక గోతిలోంచి ఒక బిందె పైకి వచ్చింది, మరో గోతిలోంచి మరొకటి. నీలం. ఎదురింట్లో నీలం, ఆ పక్కింట్లో నీలం, వీధి చివర మొదట జబ్బుపడ్డ ఇంట్లో కూడా పలచగా నీలం. ఎదురింటి బాబాయిగారు తన బిందెను పట్టుకుని వీధి మధ్యలో నిలబడి, పిన్నిగారి పేరు పెట్టి పిలుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆనాడు నీలం చూసి నవ్వామే అని ఏడ్చారు. ఆయన్ని చూసి మేం అందరం ఏడ్చాం.

మా అత్తగారు లేచారు. లోపలికి వెళ్లి పసుపూ కుంకుమా తెచ్చి, ఆ మెట్టుకి ఆఖరిసారి బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని ఏదో అనుకున్నారు. తరవాత కొంగు బిగించి, పెరట్లోంచి తట్టతో మట్టి తెచ్చి మొదటి తట్ట తనే పోశారు. మావగారు పేర్చిన నల్లరాళ్లు మాత్రం ఒక్కొక్కటీ తీయించి పక్కన పేర్పించారు. మగవాళ్లు పైపు మూతులకి మర బిరడాలు బిగించారు, పారలు ఆడాయి, ఎండ ముదిరేలోపు మా వీధిలో ఒక్క గొయ్యీ లేదు, ఒక్క కుళాయీ లేదు. చేతిలో ఉన్నదాన్ని మా చేతులతో మేమే పూడ్చుకుని ఖాళీ బిందెలతో మిగిలాం. ఆ రోజు పడ్డంత భయం నేను ఆస్పత్రిలో కూడా పడలేదు.

ఆ ఖాళీ బిందెలే మా ఆయుధాలయ్యాయి. అందరం నీళ్ల ఆఫీసుకి వెళ్లి, మురిక్కాలవకి దూరంగా కొత్త పైపు వేసి, వీధి మొదట్లో నీళ్ల తోపు అందే పల్లంలో, మురికి చేరని ఎత్తుగట్టు మీద అందరికీ ఒక కుళాయి పెట్టమని అడిగాం. అర్జీ పెట్టుకోండి, చూద్దాం అన్నారు. మేం అర్జీ పెట్టలేదు, బిందెలు పెట్టాం. వరండా నిండా బిందెలు బోర్లించి వాటి మీద కూర్చున్నాం. మళ్లీ ఆ బ్లీచింగు మనిషే వచ్చి ఇది అసలు కలరా కాదు గదమ్మా, అతిసారం అని మొదలుపెట్టాడు. మా అత్తగారు కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "దానికి మీరు ఏ పేరైనా పెట్టుకోండి బాబూ, బారసాల మీదే. మాకు కుళాయి కావాలి" అన్నారు. ఆ వరండాలో వంటలు కూడా చేసుకున్నాం, పిల్లల్ని నిద్రపుచ్చాం. ఆడవాళ్లు బిందె వాయిస్తే ఎంత చప్పుడవుతుందో ఆ ఆఫీసుకి అప్పటిదాకా తెలియదు. చివరకి పైపులు దిగాయి. దయతో కాదు, తలనొప్పి భరించలేక.

పాపని తీసుకురావడానికి అత్తగారు నాతో తనే పేటకి వచ్చారు. ఇసకలో నడిచి నడిచి పాక ముందు కూలబడి, నోరు ఎండుకుపోయి కూడా అడగలేక కూర్చున్నారు. అక్క లోపలికి వెళ్లి, చెంబు తోమి, నీళ్లు నింపి, రెండు చేతులతో పట్టుకుని ఆవిడ చేతికి అందించింది. ఎత్తునుంచి పొయ్యలేదు. మా అత్తగారు తలెత్తకుండా ఆఖరు చుక్కదాకా తాగారు. పాప పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ మెడ పట్టుకుని వేలాడింది. తిరిగి వచ్చేటప్పుడు వీధి మొదట్లో ఎండిపోయిన ఆ తోరణాన్ని ఆవిడే తెంపేశారు.

కొత్త కుళాయి గట్టు మావగారి నల్లరాళ్లతోనే కట్టించారు అత్తగారు. గొయ్యి పోయిందనే బాధ ఆవిడకి అలా కొంత తీరింది. మొదటిసారి నీళ్లు వదిలిన రోజు, అక్కని గట్టు దగ్గరికి పిలిచి, మా ఇంటి కంచు చెంబు నిండా నీళ్లు పట్టి, వీధంతా చూస్తుండగా ఆమె చేతికే ఇచ్చారు. అక్క చెంబు అందుకుంది, నీళ్లలోకి చూసింది, మా అత్తగారి మొహంలోకి చూసింది, మళ్లీ చెంబు ఆవిడ చేతిలోనే పెట్టింది. "మీరు ముందల తాగండి పెద్దమ్మగారూ. నాను రేపు మిమ్మల్ని సూసి తాగుతాను" అంది. ఒక్క క్షణం ఏమవుతుందో అనుకున్నాం. మా అత్తగారు పగలబడి నవ్వి, చెంబెత్తి తాగేశారు. మర్నాడు అక్క సత్తు చెంబు లేకుండా వచ్చింది.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. మా పాప పెందుర్తిలో తన పిల్లలకి నీళ్లు కాచి తాగించే తల్లి అయింది, దాన్ని చూసి వాళ్లూ నవ్వుతారట. కంచరపాలెంలో ఆ గట్టు రోడ్డు వెడల్పులో పోయిందని విన్నాను. ఇంటింటికీ మిషన్లు వచ్చాయి, డబ్బా నీళ్లు వచ్చాయి, జబ్బులు తగ్గాయి, కాదనను, పాతదంతా బంగారమని చెప్పేంత మతిమరుపు నాకు ఇంకా రాలేదు. కాని ఒక్కటి మాత్రం అనకుండా ఉండలేను. ఆ రోజుల్లో గొయ్యి నేలలో ఉండేది, ఇప్పుడు గోడకెక్కింది. పక్క ఫ్లాటు వాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో మాకు తెలియదు, కింద కాపలా మనిషికి నీళ్లు ఎక్కడివో ఎవరూ అడగరు. రేపు మళ్లీ ఏదైనా వస్తే, బిందెలు బోర్లించి కూర్చోవడానికి ఈ మెట్ల మీద ఎంతమంది వస్తారు? ఒకరూ రాకపోతే నేనొక్కదాన్నే కూర్చుంటాను, మోకాళ్ల నొప్పులతో సహా.

ఆ రోజు ఆ మెకానిక్కుని నేను ఊరికే పోనివ్వలేదు. గుమ్మం దాటబోతుంటే ఆగమని చెప్పి, చల్లారిన నీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అతని ముందే నేను తాగేశాను. ముందు నేను తాగాను చూడు, రేపటిదాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడే తాగు అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు, ఈ ముసలావిడతో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, గ్లాసు అందుకుని తాగాడు. తాగి, ఖాళీ గ్లాసు నా ముందుకు చాపి, ఇంకో గ్లాసు ఇస్తారా అమ్మా అని అడిగాడు.